అమ్మేసిన బుల్లెట్, మళ్లీ తెచ్చుకున్న బుల్లెట్

2011లో నా రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ అమ్మేశాను. ఉద్యోగంలో భువనేశ్వర్‌కి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బండిని అక్కడికి తీసుకెళ్లాలంటే ఇక్కడ ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఒడిశాలో మళ్లీ ట్యాక్స్ కట్టాలి, నంబర్ మార్పించాలి. దొరికిన ఫ్లాట్ చూస్తే మూడో అంతస్తు, కింద స్కూటర్ పెట్టుకోవడానికే చోటు లేదు. రాజమండ్రిలో ఇంటి దగ్గర వదిలేద్దామంటే చూసుకునే మనిషి లేరు. నెలల తరబడి కదలని బండికి ట్యాంకులో తుప్పు పడుతుంది, బ్యాటరీ పోతుంది, టైర్లు పగుళ్లిస్తాయి. అలా పాడుపెట్టడం కంటే నడిపేవాళ్ల చేతిలో పెట్టడమే నయమనుకుని, కొయ్యలగూడెం దగ్గర్నుంచి వచ్చిన ఒక పొగాకు రైతుకి ఇచ్చేశాను.

ఇచ్చిన రోజు పెద్దగా ఏమీ అనిపించలేదు. సామాన్లు సర్దుకునే హడావిడిలో ఉన్నాం. అసలు బాధ ఊరు మారాక మొదలైంది. ఆఫీసులో కూర్చుని ఉండగా రోడ్డు మీద పాత బుల్లెట్ వెళ్తే పని ఆగిపోయేది. ఆదివారం పొద్దున ఏం చేయాలో తోచేది కాదు. అప్పటిదాకా ఆదివారమంటే బండి తుడవడం, చైన్‌కి ఆయిల్ పెట్టడం, టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల సర్దుబాటు, చూడటం. చేతులకి పని పోయింది.

అది 1999లో కొత్తగా కొన్న స్టాండర్డ్ 350. బుల్లెట్ నడిపేవాళ్లు కాస్ట్ ఐరన్ అని పిలిచే పాత ఇంజన్. సిలిండర్ బ్యారెల్ పోత ఇనుముది కాబట్టి ఆ పేరు. 346 సీసీ, 18 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 90. స్ట్రోక్ అంత పొడుగు కాబట్టే నిదానంగా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ తెలిసేలా కొడుతుంది. గేర్ కుడికాలికి, బ్రేక్ ఎడమకాలికి. ఫస్ట్ గేర్ పైకి లేపాలి, మిగతా మూడూ కిందికి తొక్కాలి. గేర్ పెడల్ పక్కనే న్యూట్రల్ కోసం విడిగా ఇంకో చిన్న లివర్ ఉంటుంది. ఏ సిగ్నల్ దగ్గరైనా మడమతో ఒక్కసారి నొక్కితే నాలుగో గేర్ నుంచి నేరుగా న్యూట్రల్‌లో పడుతుంది.

సెల్ఫ్ స్టార్ట్ లేదు. స్టార్ట్ చేయడానికి ఒక పద్ధతి ఉంది. తాళం తిప్పితే హెడ్‌లైట్ పైనున్న, కరెంటు చూపించే యామీటర్ ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కిక్కుని కాలితో మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే ఒకచోట బిగుస్తుంది. సరిగ్గా అక్కడే పాయింట్లు, అంటే ప్లగ్‌కి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు, విడిపోయి ముల్లు మధ్యకి వచ్చి నిలబడుతుంది. అప్పుడు హ్యాండిల్ మీదున్న, సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే చిన్న డీకంప్రెసర్ లివర్ నొక్కి కిక్కుని ఇంకాస్త జరపాలి. లివర్ వదిలేసి, కిక్కుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి చివరిదాకా తొక్కాలి. సగంలో ఆపితే వెనక్కి తంతుంది. ఆ దెబ్బకి మడమ వాచిన మనిషి లేని ఊరు గోదావరి జిల్లాల్లో ఉండదు. పద్ధతి తెలిసినవాడికి మాత్రం బలం అక్కర్లేదు, ఆ ముల్లు చెప్పింది వింటే చాలు.

కంపెనీ 2010 ప్రాంతంలో ఆ ఇంజన్ ఆపేసి, గేరు పెట్టె, ఇంజను ఒకే కేసులో ఉండే యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్‌కి మారింది. గేరు ఎడమకాలికి వచ్చింది, బటన్ స్టార్ట్ వచ్చింది, ఆయిల్ కారడం తగ్గింది. అంటే నేను అమ్మే నాటికే నా బండి లాంటిది షోరూమ్‌లో దొరికే రోజులు అయిపోయాయి. ఆ సంగతి నాకు భువనేశ్వర్‌లో కొత్త బండి చూడటానికి షోరూమ్‌కి వెళ్లినప్పుడే పూర్తిగా ఎక్కింది. కొత్తవి చెడ్డ బండ్లేమీ కావు. స్నేహితుడి క్లాసిక్ 350 మీద పూరీ దాకా వెళ్లొచ్చాను. బ్రేకులు మంచివి, వైబ్రేషన్ తక్కువ, దారిలో ఎక్కడా ఆగలేదు. రోజూ ఆఫీసుకి వెళ్లేవాడికి నేను అదే కొనమని చెబుతాను. నాకు పోయినది మాత్రం అందులో లేదు. దాన్ని విప్పి చూసుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. నాకు కావలసింది నేను సరిచేయగలిగే బండి, సరిచేస్తే ఆ తేడా కాలికీ చెవికీ తెలిసే బండి.

రాజమండ్రికి తిరిగొచ్చాక మొదట చేసిన పని నా పాత బండి కోసం వెతకడం. రైతు గారి ఫోన్ నంబర్ మారిపోయింది. ఊరి పేరు గుర్తుంది కాబట్టి నేరుగా వెళ్లిపోయాను. కొయ్యలగూడెం దాటాక ఆ ఊళ్లో "పాత బుల్లెట్ ఉన్న రైతు" అనగానే ఇల్లు చూపించారు. బండి పందిరి కింద ఉంది. వెనక ఇనుప క్యారియర్ బిగించారు, సీటు కవరు మారింది. ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీత మోకాలు తగిలేచోట అరిగిపోయింది. ఇంజన్ మాత్రం శుభ్రంగా ఉంది. ఇంజన్ అడుగున క్రాంక్ కేసు దగ్గర మట్టీ జిడ్డూ పేరుకోలేదు. రోజూ తుడిచే బండి అని చూడగానే తెలిసిపోతోంది.

ఆయన నన్ను గుర్తుపట్టారు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. వచ్చిన పని చెప్పాను, ఎంతైనా ఇస్తానన్నాను.

"ఏమీ అనుకోకండి సార్, ఇవ్వనండి" అన్నారు. "మా అబ్బాయి కొత్త బండి కొనిస్తానంటున్నాడు, అదీ వద్దన్నాను. బేరన్ దగ్గరికెళ్లినా, పొలం గట్టు మీదికెళ్లినా ఇదేనండి. మీరు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాను, చూసుకోండి. ఒకసారి నడిపి వెళ్లండి, ఆయ్."

నడిపాను. ఊరి చివర పొగాకుని వేడితో ఆరబెట్టే బేరన్ల దాకా వెళ్లి వచ్చాను. ఆ గంటలో నా మనసు కుదుటపడిందనే చెప్పాలి. బండి బతికే ఉంది, నాకంటే ఎక్కువ తిరుగుతోంది. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవాలన్న కోరిక అక్కడే పోయింది. బయల్దేరేటప్పుడు ఆయనే ఒక మాట చెప్పారు: "రాజమండ్రిలో నేను బండి పని చేయించే మేస్త్రి ఉన్నాడండి. కాస్ట్ ఐరన్ బండి కొనాలంటే ఆయన్ని వెంటబెట్టుకెళ్లండి, ఒక్కరే వెళ్లకండి."

ఆ మేస్త్రి గారికి వయసు అరవై దాటింది. తక్కువ మాట్లాడతారు. ఆయన పద్ధతి మొదటి రోజే చెప్పేశారు. ముందు కాగితాలు, తర్వాత ఫ్రేము, ఆ తర్వాత ఇంజను. రంగు గురించి ఆయన దగ్గర మాట్లాడకూడదు. "ఇంజన్ చెడితే నేను బాగు చేస్తాను సార్. కాగితాలు చెడితే నా దగ్గర స్పానర్ లేదు" అన్నారు. పాత బండి కొనాలనుకునే ఎవరికైనా నేను ఇదే వరస చెబుతున్నాను, ఎందుకంటే ఆ వరస వల్లే మేం చాలాచోట్ల బయటపడ్డాం.

భీమవరంలో చూసిన బండి కళ్లు చెదిరేలా ఉంది. కొత్త రంగు, కొత్త క్రోమియం, అద్దంలా మెరిసే మడ్‌గార్డులు. మేస్త్రి గారు వాటివైపు చూడనేలేదు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర ఛాసిస్ నంబర్ మీద రంగు మందంగా కొట్టి ఉంది. ఆయన జేబులోంచి తెల్ల కాగితం తీసి నంబర్ మీద పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దారు. కాగితం మీద అంకెలు తేలాయి. ఒకటి లోతుగా, పక్కది పైపైన, చివరి రెండూ వరసలో లేవు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని "వెళ్దాం సార్" అన్నారు. ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు కూడా. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు మామూలుగా దాదాపు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. ఇంత తేడాగా ఉంటే ఎవరో అరగదీసి మళ్లీ కొట్టారేమోనని అనుమానించాలి. అలాంటి బండి మీద రేపు పోలీసులు ఆపితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

తాడేపల్లిగూడెం బండి దగ్గర నిజంగా బాధేసింది. నేను చూసినవాటిలో ఇంజన్ అంత బాగున్నది ఇంకోటి లేదు. కానీ ఆర్‌సీలో ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు మీద హైపొథికేషన్, అంటే బండి అప్పుకి తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉండిపోయింది. అప్పు ఎప్పుడో తీరిపోయింది, ఓనర్ దగ్గర రసీదులు కూడా ఉన్నాయి. అది కొట్టేయించాలంటే ఫారం 35 మీద ఆ ఫైనాన్స్ వాళ్ల సంతకం, వాళ్ల లెటరు కావాలి. ఆ కంపెనీ మూతపడి ఏళ్లయింది. సంతకం పెట్టే మనిషే లేనప్పుడు ఆ గీత ఎవరు చెరిపేస్తారు? "మీ పేరు మీదకు మారకపోయినా పర్వాలేదండి, నడుపుకోండి, నేను అడగను" అన్నాడాయన. మంచి మనసుతోనే అన్నాడు. కానీ 2018లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది, రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే. బండి చేతులు మారి ఎన్నేళ్లయినా అంతే. నేను బండి నడుపుకోవడానికి ఇంకో మనిషి మెడ మీద కత్తి పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకా కొన్ని చూశాం. కుర్రాళ్లు వెనక ఫ్రేము కోసేసి పొట్టి చేసినవి, సైలెన్సర్ మార్చి వీధి అదిరేలా చేసినవి, లింకు రాడ్డు వేసి గేరు ఎడమవైపుకి తెచ్చినవి. వాటి గురించి రాయడానికేమీ లేదు.

కొవ్వూరు బండి సంగతి మేస్త్రి గారి ద్వారానే తెలిసింది. రిటైరైన ఒక హెడ్‌మాస్టరు గారిది, 1998 మోడల్, నంబర్ ఏపీ 37. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. వరండాలో పాత దుప్పటి కప్పి ఉంది. ఆయన భార్య కూడా టీచర్‌గా చేసి రిటైరయ్యారు. దుప్పటి తీస్తే దుమ్ము తప్ప అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అసలు రంగు, అసలు టూల్ బాక్సులు, హెడ్‌లైట్ పక్కన రెండు చిన్న పులికళ్ల దీపాలు. టైర్లు మాత్రం రెండూ పగిలిపోయాయి. ఛాసిస్ నంబర్ పెన్సిల్ పరీక్ష పాసయింది. ఆర్‌సీ మీద ఏ ఫైనాన్సూ లేదు. కానీ పదిహేనేళ్లు నిండాక 2013లో ఒకసారి రెన్యువల్ చేయించారు, అది 2018తో అయిపోయింది. తర్వాత ఎవరూ చేయించలేదు.

మేస్త్రి గారు ఇంజన్ చూసిన తీరు చెప్పాలి. ముందు కిక్కు కదుపుతారేమో అనుకున్నాను. లేదు. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, కాసేపు ఆగారు. ఎన్నో ఏళ్లు కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి అంటుకుని ఉంటాయి, బలవంతంగా కొడితే గీతలు పడతాయి. తర్వాత చేత్తోనే కిక్కుని నెమ్మదిగా దించారు. కదిలింది. సిలిండర్ అడుగున కుడివైపు ఉన్న చిన్న మూత విప్పితే వాల్వుల్ని తెరిచే రెండు సన్న కడ్డీలు, పుష్‌రాడ్లు, కనిపిస్తాయి. పిస్టన్‌ని పైకి తెచ్చి వాటిని రెండు వేళ్లతో తిప్పి చూశారు. వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పరీక్ష. ఒకటి బాగుంది, రెండోది కాస్త వదులు. "ఇది పది నిమిషాల పని" అన్నారు.

మాతో తెచ్చుకున్న బ్యాటరీ, కొత్త ప్లగ్, ఒక సీసాలో పెట్రోలు పెట్టి స్టార్ట్ చేశారు. వెంటనే రాలేదు. పాయింట్లు తీసి సన్న ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించాక అందుకుంది. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన నిదానంగా ఉన్నారు. చాలాకాలం నిలబడిన బుల్లెట్‌లో ఆయిల్ క్రాంక్ కేసులోకి దిగి ఉంటుంది, అది కాలే దాకా పొగ వస్తుంది. ఆగకుండా వస్తూనే ఉంటే రింగులో, వాల్వ్ గైడ్లో పోయినట్టు. కాసేపటికి పొగ పల్చబడి ఆగిపోయింది. అప్పుడు ఇంజన్ నడుస్తుండగానే ఇంజన్ తల మీదుండే రాకర్ల దగ్గరికి వెళ్లే ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేశారు. అంచున ఆయిల్ చెమ్మ తేలి, బొట్టుగా మారి, కారింది. పంపు పనిచేస్తోంది. ఆ బొట్టు కోసమే ఆయన అంతసేపూ చూస్తున్నట్టుంది, బోల్టు బిగించి నావైపు చూసి తలూపారు.

ధర టీచర్ గారి తమ్ముడు మాట్లాడారు. లక్షా ఇరవై అన్నారు. మేస్త్రి గారు కాగితం మీద టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, ట్యాంకు క్లీనింగ్ అని రాసి, పక్కన ఖర్చు వేసి చూపించారు. తొంభై ఐదు వేలకి కుదిరింది. ఆర్టీవో ఆఫీసు ఖర్చులు నావి. అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. చెల్లే ఆర్‌సీ లేకుండా బండి రోడ్డు మీద నడపకూడదు కాబట్టి టాటా ఏస్ మాట్లాడి రాజమండ్రికి తెచ్చాం.

ఇక కాగితాల సంగతి. ఇలాంటి బండి దొరికినవాళ్లకి పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను. ఓనర్ చనిపోయాక బండి నేరుగా కొన్నవాళ్ల పేరు మీదకు మారదు. ముందు వారసుల పేరు మీదకు మారాలి. దానికి ఫారం 31. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల సమ్మతి పత్రాలు జత చేయాలి. వాళ్లబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అతని సంతకం రావడానికే అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది. చనిపోయిన మనిషి సంతకం పాత ఫారం మీద ఉందని, దాంతో పని కానిస్తామని చెప్పేవాళ్లు తగులుతారు. ఆ దారి వైపు చూడొద్దు. అది ఫోర్జరీ, ఎప్పటికైనా కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

టీచర్ గారి పేరు మీదకు వచ్చాక రెన్యువల్, ఫారం 25. 2022 ఏప్రిల్ 1న పదిహేనేళ్లు దాటిన బైకుల రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. ఆలస్యానికి ఫైను, గ్రీన్ ట్యాక్స్ విడిగా కట్టాలి. దీనికి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. చూపించాలంటే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకున్నాను. 150 నుంచి 350 సీసీ లోపు బండికి 2022లో ఖరారు చేసిన ప్రీమియం 1,366 రూపాయలు, పైన జీఎస్టీ. 346 సీసీ కాబట్టి మనది ఆ గీతకి ఇవతలే పడుతుంది.

పొల్యూషన్ దగ్గర కాస్త పని పడింది. 2000 మార్చి 31 దాకా తయారైన టూవీలర్లకి ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు. పాత బండ్లకి ఇది వెసులుబాటే. కానీ మొదటిసారి మిషన్‌లో అంతకంటే ఎక్కువ చూపించింది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఫిల్టర్ మార్చి, కార్బొరేటర్ ఎయిర్ స్క్రూ కొద్దిగా తిప్పి, ఇంజన్ బాగా వేడెక్కాక మళ్లీ పెడితే పాసయింది. చల్లని ఇంజన్‌తో వెళ్తే ఏ కార్బొరేటర్ బండైనా ఎక్కువే చూపిస్తుంది. వెళ్లేముందు కొన్ని కిలోమీటర్లు నడిపి తీసుకెళ్లడం మంచిది.

ఇన్‌స్పెక్టర్ గారు నంబర్లు సరిచూశారు, లైట్లు, హారన్, ఇండికేటర్లు, బ్రేకులు చూశారు. ఆ తర్వాతే ఫారం 29, ఫారం 30 మీద టీచర్ గారూ నేనూ సంతకాలు పెట్టాం. 29 అమ్మినవాళ్లు ఇచ్చే సమాచారం, 30 మీద ఇద్దరూ సంతకం చేయాలి. నా పేరుతో ఆర్‌సీ వచ్చాక ఇన్సూరెన్స్ కూడా నా పేరు మీదకు మార్పించాను. దానికి గడువు పద్నాలుగు రోజులే. చాలామంది ఆర్‌సీ రాగానే ఊపిరి పీల్చుకుని ఇది వదిలేస్తారు.

ఆర్‌సీ చేతికొచ్చాక మొదటి ప్రయాణం కొవ్వూరుకే. 1974లో కట్టిన రోడ్డు కమ్ రైలు వంతెన మీదుగా వెళ్లాను. కొవ్వూరు 2022లో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది, బండి నంబర్ మాత్రం ఏపీ 37గానే ఉంది. టీచర్ గారు గేటు దగ్గరికి వచ్చారు. "ఆపకు బాబూ, కాసేపు అలాగే ఉంచు" అన్నారు. కొంచెంసేపు విని లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చిచ్చారు. అందులో కొత్త పాయింట్ల సెట్లు రెండు, డీకంప్రెసర్ కేబుల్ ఒకటి, టాపెట్లకి వాడే సన్నటి స్పానర్లు. హెడ్‌మాస్టరు గారు ప్రతి స్పానర్‌నీ గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

మళ్లీ కుడి గేరు అలవాటు కావడానికి టైం పట్టింది. ఇన్నేళ్లూ ఎడమ గేరు బండ్లే నడిపాను. ఎదురుగా ఎవరైనా అడ్డం వస్తే కుడికాలు తనంతట తానే బ్రేకు కోసం వెళ్తుంది, ఇక్కడ అది గేరు. అందుకే ట్రాఫిక్‌లోకి రాకముందు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పదేపదే బ్రేకు వేసి ఆపడం సాధన చేశాను. ఇలాంటి బండి కొన్నవాళ్లు మొదటి రోజే మార్కెట్ సెంటర్‌లోకి వెళ్లకపోవడం మంచిది. ఇంట్లో వేరే బైకు కూడా నడిపేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇది నా పాత బండి కాదు. మొదట్లో ప్రతిదీ దాంతో పోల్చేవాణ్ని. దానికి చలికాలంలో కూడా చోక్ అవసరం ఉండేది కాదు, దీనికి ఎండాకాలం పొద్దున్నే కూడా కావాలి. దీని న్యూట్రల్ లివర్ బిరుసు. కానీ మూడో గేర్‌లో నలభై దగ్గర దీని నడక పాతదానికంటే మెత్తన. మారేడుమిల్లి ఘాట్ ఎక్కించినప్పుడు రెండో గేర్ లోంచి దించాల్సిన పని రాలేదు. అప్పటి నుంచి పోల్చడం మానేశాను. కొయ్యలగూడెంలో ఉన్నది దాని పని అది చేసుకుంటోంది, ఇది వేరే బండి, దీని గుణాలు నేర్చుకోవాలి.

చేయించిన పనుల్లో అందరికీ చెప్పదగ్గది పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1998 బండిలో రబ్బరు భాగాలు దానికోసం చేసినవి కావు. పెట్రోలు పైపు, ట్యాంకు కింద కుళాయి వాషర్లు, కార్బొరేటర్ ఓ రింగులు అన్నీ మార్చాం. ఇథనాల్ తేమ పీలుస్తుంది కాబట్టి ట్యాంకులో పాత తుప్పు ఉంటే అది ఇంకా పెరుగుతుంది. ట్యాంకు విప్పి, లోపల సన్న కంకర, డీజిల్ పోసి కుదిపి కుదిపి కడిగారు మేస్త్రి గారి కుర్రాళ్లు. మొదటిసారి బయటికొచ్చిన డీజిల్ కాఫీ రంగులో ఉంది. తేటగా వచ్చేదాకా వదల్లేదు. వారానికి మించి తియ్యనని తెలిస్తే ఇప్పుడు కుళాయి కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపుతున్నాను.

విడిభాగాలకి ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌లో చాలావరకు దొరుకుతాయి, అక్కడ లేనివి చెన్నై జీపీ రోడ్డు నుంచో ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచో తెప్పించుకోవచ్చు. అయితే నాసిరకం ఎక్కువ. ముఖ్యంగా పాయింట్లు, కండెన్సర్ చవకవి కొంటే ఘాట్ రోడ్డులో నిలబెట్టేస్తాయి. హెడ్‌మాస్టరు గారి డబ్బాలోవి ఉన్నాయి కాబట్టి నాకు కొన్నేళ్లు బెంగ లేదు.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని చాలామంది చెబుతున్నారు. మేస్త్రి గారు కూడా ఒకసారి అడిగారు. దూరప్రయాణాలు చేసేవాళ్లకి అది మంచి సలహానే, పెట్టుకున్నవాళ్ల బండ్లు ఒక్క కిక్కుకే అందుకుంటున్నాయి, మాటిమాటికీ సర్దే పని ఉండదు. నేను మాత్రం వద్దన్నాను. పాయింట్ల మధ్య గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఆదివారం పొద్దున మూత విప్పి, గ్యాప్ కొలిచే సన్న రేకు, ఫీలర్ గేజ్, పెట్టి, అది కాస్త పట్టి జారేలా స్క్రూ బిగించి, మూత పెట్టి కిక్కు కొడితే ఐడ్లింగ్‌లో తేడా అప్పటికప్పుడు వినపడుతుంది. నేను ఈ బండి తెచ్చుకున్నదే ఆ పని కోసం.